ముక్కుగారు ఎంచిన షాంపేన్

హోటల్లో అందరూ ఆయన్ని ముక్కుగారు అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనేమీ అనుకునేవాడు కాదు. హోటలుకి కావలసిన వైన్లూ షాంపేన్లూ ఎంచి కొనడం ఆయన పని. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ సీసా చల్లటి గదిలో పడుకుందో, ఎక్కడో ఎండలో నిలబడి వచ్చిందో చెప్పేసేవాడు. వంటగదిలోంచి అటు నడిచి వెళ్తూ "ఆ మూల గిన్నె దించండి, అడుగంటుతోంది" అనేవాడు. గిన్నె ముందు నిలబడ్డ మనిషికి ఆ సంగతి ఇంకా తెలిసుండేది కాదు.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది. వారం పడుకున్నాడు, లేచాడు. లేచిన రోజు పొద్దున కాఫీ కలుపుకుంటే వేడి నీళ్ళు తాగినట్టుంది. పొడి పాతబడిందనుకుని కొత్త పొట్లం విప్పాడు. అందులో మొహం పెట్టి గట్టిగా పీల్చాడు. పొడి ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు. అప్పుడు సబ్బు, వెనిగర్, బూట్ల పాలిష్, ఉల్లిపాయ, ఇంట్లో వాసన గలవి ఏమేం ఉన్నాయో అన్నీ బయటపెట్టి, మధ్యాహ్నం దాకా వంటగది నేల మీద కూర్చున్నాడు.

డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టాలి" అన్నాడు. ఆయన ఓపిక పట్టాడు. రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. సీసాలు దాచే సెల్లార్ మెట్లు ఎక్కి దిగలేకపోతున్నానని, నడుం పట్టేస్తోందని చెప్పి, హోటల్లోనే గదులు బుక్ చేసే విభాగానికి మారిపోయాడు. ముక్కు పోయిన ముక్కుగారు అని జోకులేస్తారని తెలుసు. జోకులకి భయపడి మాత్రం కాదు. నోటితో అనేస్తే ఇక అది ఖాయమైపోతుందేమో అనిపించేది. ఇవాళ కాదు రేపు వచ్చేస్తుంది కదా, ఈలోపు ఊరందరికీ చాటడం దేనికి అనుకున్నాడు. ఆ రేపు అలా జరుగుతూ పోయింది.

నాలుక మీద ఉప్పూ పులుపూ తీపీ చేదూ తెలిసేవి. అంతకు మించి ఏం తిన్నా తడిగుడ్డ నమిలినట్టుండేది. ఒకసారి పాలు మాడి పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టేదాకా తెలియలేదు. ఆ తర్వాత పొయ్యి వెలిగించడమే తగ్గించేశాడు. రొట్టె, ఉడికించిన గుడ్లు, అంతే. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, తన ఒంటి వాసన తనకి తెలియకపోవడం. రోజుకి రెండు చొక్కాలు మార్చేవాడు. లిఫ్టులో మూలకి ఒదిగేవాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఎవరి పక్కనా కూర్చునేవాడు కాదు. పెళ్ళి ఎందుకో ఆయనకి కుదరలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు, "నా దగ్గర వాసన వస్తోందా?" అని అడగడానికి.

ఉన్న ఒక్క తోడూ అక్కయ్య ఇల్లు. ప్రతి ఆదివారం అక్కడే భోజనం. అక్క వండినదేదైనా గరిటెతో ముందు తమ్ముడికే రుచి చూపించేది. "ఎలా ఉందిరా?" అని మొహంలోకి చూసేది. జ్వరం తర్వాత కొన్ని ఆదివారాలు "బావుందక్కా" అన్నాడు. ఎంత నవ్వుతూ అన్నా ఆ మాటలో జీవం ఉండేది కాదు. అక్క మొహం చిన్నబోయేది. అది చూడలేక, పని ఉందనీ ఒంట్లో బాలేదనీ మానేయడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా వాళ్ళూ పిలవడం తగ్గించారు.

మధ్యలో ఓసారి బావ ఫోన్ చేశాడు. "ఏమోయ్, నేనేమన్నా అన్నానేమో మనసులో పెట్టుకోకు. క్షమించు" అన్నాడు. దేనికో ఈయనకి అర్థం కాలేదు. "అబ్బే, అదేం లేదు బావా" అని పెట్టేశాడు.

ఇలా ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గంతులేస్తుండేదని ఈయనే దానికి పిచ్చిక అని పేరు పెట్టాడు.

"మావయ్యా, వచ్చే నెల నా పెళ్ళి. అమ్మ చెప్పిందా?"

"చెప్పింది. చాలా సంతోషం తల్లీ."

"పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, మధ్యాహ్నం హాల్లో విందు. పువ్వులు మా అత్తగారు చూసుకుంటారు. కేకు నా ఫ్రెండ్ చేస్తుంది. షాంపేన్ మాత్రం నీదే."

"మంచి షాపు చెప్తాను, వాళ్ళే..."

"వాళ్ళెవరు? ఇంట్లో నిన్ను పెట్టుకుని ఇంకెవరినో అడిగితే నలుగురూ నవ్వరూ? శనివారం వస్తాను. ఇద్దరం కలిసి వెళ్దాం. నాకూ నేర్పుదువుగాని."

కాదనడానికి నోరు రాలేదు.

తర్వాత ఒక ఉపాయం తోచింది. తనకు తెలిసిన పాత షాపుకి ఫోన్ చేసి, రుచి చూడటానికి ఏ నాలుగు సీసాలు తెరుస్తారో ముందే కనుక్కున్నాడు. ఆ నాలుగింటి గురించీ తెలిసినవాళ్ళు రాసినవన్నీ చదివాడు. పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా బట్టీ పట్టాడు. నాలుగు మాటలు చెప్పి మంచి పేరున్నది ఒకటి చూపిస్తే సరిపోతుంది, పిల్ల సంతోషిస్తుంది, అంతటితో గండం గడుస్తుంది అనుకున్నాడు.

ఆ షాపు తాళాలు బాగుచేసే కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరుగ్గా ఉంటుంది. వెనక గదిలో ఎత్తయిన బల్ల, దాని మీద తెల్లగుడ్డ, మూలన సింకు. షాపావిడ కళ్ళద్దాలు గొలుసుకి వేలాడేసుకుని ఎదురొచ్చింది.

"ఎన్నాళ్ళైంది సార్ మిమ్మల్ని చూసి. మమ్మల్ని మర్చిపోయారనుకున్నాను."

"పని మారిందండీ. ఇది మా మేనకోడలు. పెళ్ళికూతురు."

"మీ మావయ్యగారు పక్కనుంటే నా అవసరమే లేదమ్మా" అంటూ ఆవిడ మొదటి సీసా తెరిచింది. కార్కు చప్పుడు చేయకుండా, ఎవరో నిట్టూర్చినట్టు వచ్చింది. 

ఆయన గ్లాసు ఎత్తి, వెలుతురుకి పట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏళ్ళ తరబడి అలవాటైన పని, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. "పచ్చి ఆపిల్. నిమ్మతొక్క. కొంచెం సుద్ద" అన్నాడు. పిచ్చిక కూడా వాసన చూసి, "అవును మావయ్యా, సుద్దే" అని ఆశ్చర్యపోయింది. రెండోది, మూడోది కూడా అలాగే గడిచిపోయాయి. ఆయనకి భయం పోయి కాస్త హుషారు కూడా వచ్చింది. చాలా రోజుల తర్వాత ఎవరో తన మాట వింటున్నారు. హోటల్లో ఒకప్పుడు జరిగిన తమాషాలు రెండు చెప్పాడు. షాపావిడ పగలబడి నవ్వింది.

నాలుగో సీసా అన్నిటికన్నా పేరున్నది. ఆయన మనసులో ఖాయం చేసుకున్నదీ అదే.

"ఆహా" అన్నాడు ముక్కు ఎత్తకుండానే. "వేయించిన బాదం. వెన్న. తేనె. ఇదమ్మా షాంపేన్ అంటే. దీన్నే తీసుకుందాం."

పిచ్చిక గ్లాసు దగ్గరికి తెచ్చుకుని మొహం చిట్లించింది. "నాకేంటి మావయ్యా, తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది?"

"అలవాటు లేక అలా ఉంటుంది. మంచి వాటికి మొదట్లో కొంచెం అలాగే ఉంటుంది."

"నిజంగానా? నేలమాళిగలో బూజు పట్టిన పాత పుస్తకాల్లా ఉంది."

షాపావిడ తన గ్లాసు అందుకుని ఒక్కసారి వాసన చూసి బల్ల మీద పెట్టేసింది. ఆయన మొహంలోకి చూసింది.

"ఇది కార్కు పాడైన సీసా సార్" అంది మెల్లిగా. "వీధి చివరిదాకా వస్తుంది వాసన. పొరపాటు మాదే, వేరేది తెరుస్తాను." కాస్త ఆగి, "మీకు జలుబన్నారు కదా మరి, ఎలా తెలుస్తుంది" అంది.

ఆయన జలుబని ఎప్పుడూ అనలేదు. ఆవిడ దయ తలిచి ఇచ్చిన మాట అది.

"అవునండీ" అన్నాడు. "జలుబు."

పిచ్చిక మావయ్యనీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, "కాసేపు బయట గాలి పీల్చుకుని వస్తామండీ" అని ఆయన మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

బస్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. దానికి ఒక చివర ఆయన, ఇంకో చివర ఆ పిల్ల కూర్చున్నారు. లాండ్రీ గోడలోని గొట్టం నుంచి తెల్లటి ఆవిరి వస్తోంది.

"నీకు జలుబు లేదు మావయ్యా."

ఆయన ఆ ఆవిరి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నా దగ్గరికొచ్చి కుర్చీలో కూర్చుని నొప్పి లేదు, నొప్పి లేదు అనేవాళ్ళని రోజూ చూస్తాను. నోరు తెరవమంటే చాలు, తెలిసిపోతుంది. చెప్పు."

"వాసన రాదు" అన్నాడు ఆయన. "ఏదీ రాదు. జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించి."

"అప్పట్నించా? అది జరిగి రెండేళ్ళు."

"ఆఁ."

"మరి సుద్ద, నిమ్మతొక్క, అవన్నీ?"

"చదువుకుని వచ్చాను."

ఆ పిల్లకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అందుకా నువ్వు రావడం మానేసింది? నాన్న మీద కోపం అనుకున్నాం."

"బావ మీద నాకేం కోపం?"

"ఓ ఆదివారం నాన్న నీతో, నీకేమోయ్, తినడమూ తాగడమే నీ ఉద్యోగం అని హాస్యమాడాడట. ఆ తర్వాతి వారం నుంచి నువ్వు రాలేదు. ఆ మాటకి నువ్వు నొచ్చుకున్నావని అమ్మ అంది. నోరు అదుపులో పెట్టుకోలేరా అని నాన్నని రోజూ ఏదో ఒకటి అనేది. చాలా నెలలు ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా నేనే మాటలు మోశాను."

బావ ఫోన్ చేసి క్షమించమన్నది దేనికో ఆయనకి అప్పుడు అర్థమైంది. తానొక్కడే పడుతున్నాననుకున్నాడు. ఇన్నాళ్ళూ తన మౌనం వాళ్ళింట్లో ఒక చెంబెడు విషం పోసిందని తెలియదు.

"నువ్వే చెప్పు అమ్మకి" అంది పిచ్చిక. "పెళ్ళికి ముందే. నేను చెప్పను."

"చెప్తాను."

"ఇప్పుడు లోపలికి పద. ఇంకా షాంపేన్ ఎంచలేదు మనం."

"ఇంక నేనెక్కడ ఎంచుతానమ్మా? ఆవిడనే అడుగు."

"వాసన నేను చూస్తాను. అదేమిటో నువ్వు చెప్పు."

లోపలికి వెళ్ళారు. షాపావిడ ఏమీ అడగకుండా గ్లాసులు కడిగి, కొత్త సీసా తెరిచి, తను పక్కకి తప్పుకుని నిలబడింది. పిచ్చిక ఒక్కో గ్లాసే ఎత్తుకుంది.

"ఆపిల్" అంది రెండో గ్లాసు దగ్గర.

"ఏ ఆపిల్? కొరికిన వెంటనేనా, కోసి పెట్టి మర్చిపోయాకనా?"

"మర్చిపోయాక. గోధుమరంగు తిరిగాక."

"ఊఁ. రొట్టె వాసన ఉందా?"

"ఉంది... కానీ చేతిలో రొట్టె కాదు. బస్సులో పోతుంటే బేకరీ ముందు ఒక్క క్షణం వస్తుంది చూడు, అది."

ఆయన నవ్వాడు. "బావుంది. చివర్లో?"

"చివర్లో మా క్లినిక్‌లో లవంగం నూనె గుర్తొస్తోంది. తప్పా?"

"తప్పు కాదు. చెక్క పీపాలో ఉంచితే అలా వస్తుంది. ఇది పక్కన పెట్టు, తర్వాతది చూడు."

అడుగుతున్నకొద్దీ ఆయనలో పాత మనిషి లేచి కూర్చున్నాడు. ఆ పిల్ల తడబడుతూ చెప్పే మాటల్లోంచి ఒక్కో సీసా ఆకారం ఆయనకి తెలుస్తూ వచ్చింది. ఒకసారి మూడో గ్లాసు తీసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంతసేపు అంత వివరంగా మాట్లాడుకున్నాక, ఒక్క పిసరైనా వస్తుందేమోనని. బుడగలు పెదవి మీద చిటపటమన్నాయి. అంతే.

"ఈ మూడోదే" అన్నాడు గ్లాసు దించుతూ.

"నాలుగోది ఖరీదైనది కదా?"

"అది కూర్చుని ఆలోచిస్తూ తాగేది. ఇది నిలబడి కబుర్లు చెప్పుకుంటూ తాగేది. పెళ్ళిలో ఎవరూ ఎక్కువ ఆలోచించకూడదు తల్లీ."

షాపావిడ నవ్వుతూ తల ఊపింది. "నేనూ అదే అనుకున్నాను సార్" అంది.

పెళ్ళి రెండు రోజులుందనగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. తమ్ముణ్ణి చూసి, వచ్చావా అని కూడా అనకుండా స్టూలు కాలితో జరిపింది. ఆయన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఉల్లిపాయల వైపు చూపించి, "ఇవి కళ్ళకి తెలుస్తున్నాయి గానీ ముక్కుకి తెలియట్లేదక్కా" అన్నాడు. అక్కడినుంచి మిగతాదంతా చెప్పాడు.

అక్క కత్తి ఆపి వింది. అంతా విన్నాక అడిగిన మొదటి మాట, "అయితే నా వంట చెడిపోయి కాదా?"

"వంటా?"

"పైకి మీ బావనన్నాను గానీ, లోపల నాకు అదే పీకుతుండేది. వయసు మీద పడి నా చెయ్యి మారిపోయిందేమో, వాడికి తినబుద్ధి కావట్లేదేమో, మొహమాటపడి చెప్పలేకపోతున్నాడేమో అని. రెండేళ్ళుగా ఏం వండినా భయంగానే వండాను."

ఆయన రాలిన ఉల్లితొక్కలు ఏరి ఒక పక్కకి పెట్టాడు. "నాతో చెప్పలేదు నువ్వు" అంది అక్క మళ్ళీ. "ఎవరో పరాయివాళ్ళ దగ్గర దాచినట్టు దాచావు." గొంతులో కోపం ఉంది. అది వెంటనే పోయే కోపం కాదని ఆయనకి తెలుసు.

కాసేపటికి లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కా, ఒకటి అడగనా? నా దగ్గర ఏమన్నా వాసన వస్తుందా?"

అక్క చేతులు తుడుచుకుని వచ్చి, చిన్నపిల్లాడి చొక్కా చూసినట్టు కాలరు పట్టుకుని వాసన చూసింది. "సబ్బు" అంది. "మరీ ఇంత సబ్బు దేనికిరా? ఒళ్ళు ఎండిపోతుంది." మళ్ళీ వెళ్ళి కత్తి అందుకుంది.

పెళ్ళి రోజు హాల్లో ఎండ బాగా పడుతోంది. సంతకాలు అయ్యాయి, అందరూ వచ్చారు. అక్క ఆ విషయం ఒక్కరికే, ఎవరికీ చెప్పొద్దని చెప్పిందట. భోజనాల వేళకి హాలంతా పాకిపోయింది. పిన్నిగారొకావిడ బల్ల మీది పువ్వు తుంచి ఆయన ముక్కు కింద పెట్టి, "ఇది కూడా రాదా నాయనా?" అంది. ఇంకొకావిడ మణికట్టు మీది సెంటు చూపించింది. దూరపు బంధువొకాయన, చెవులు వినపడని వాళ్ళతో మాట్లాడినట్టు, గట్టిగా కేకేసి పలకరించాడు. ఆయన అందరికీ నవ్వుతూ జవాబు చెప్పి, మెల్లిగా కిటికీ దగ్గరికి జరిగాడు.

బావ రెండు గ్లాసులతో వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒకటి ఆయన చేతికిచ్చాడు.

"నీకు నేను ఫోన్లో క్షమాపణ చెప్పాను, గుర్తుందా?"

"ఉంది బావా."

"ఇప్పుడది వెనక్కి తీసుకుంటున్నాను."

"తీసుకోండి. ఇవ్వాల్సింది నేను."

"సరేలే" అన్నాడు బావ. ఇద్దరూ కిటికీలోంచి బయట కార్లు చూస్తూ నిలబడ్డారు. ఎవరో పిలిస్తే బావ వెళ్ళిపోయాడు.

పెళ్ళికొడుకు అన్నగారు నాలుగు మాటలు చెప్పి గ్లాసు ఎత్తాడు. హాలంతా గ్లాసులు లేచాయి. ఆ మూల నుంచి పిచ్చిక, భర్త చెయ్యి వదలకుండానే, మావయ్య వైపు గ్లాసు చూపించి తాగింది. ఆయనా తాగాడు. చల్లగా, పుల్లగా, నాలుక మీద సూదులు గుచ్చినట్టు, తర్వాత ఏమీ లేకుండా. చుట్టూ మొహాలు చూశాడు. మొదటి గుక్కకి కనుబొమలు లేచాయి, రెండో గుక్కకి మాటలు పెరిగాయి, గ్లాసులు ఖాళీ అవుతున్నాయి. ఎవరూ ఆలోచించడం లేదు. సరిగ్గానే ఎంచానని తెలిసింది. అందరూ లోపలుండి తనొక్కడే అద్దం బయట నిలబడి చూస్తున్నట్టు కూడా అనిపించింది.

సాయంత్రం పిల్లలిద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు. అక్క గేటు దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికి తిరిగొస్తూ ఆయన్ని చూసి, "ఆదివారం రా" అంది.

ఆదివారం వెళ్ళాడు. బల్ల దగ్గర ముగ్గురే. కూతురి కుర్చీ ఖాళీగా ఉంది, అక్క అటు చూడకుండా వడ్డించింది. ఎలా ఉందని అడగబోయి, సగంలో ఆపేసుకుంది. ఆయన పెట్టినదంతా తిన్నాడు. బావ పేపర్లో ఏదో వార్త చదివి వినిపించాడు. 

వాసన తిరిగి రాలేదు. వస్తుందని ఎదురుచూడటం ఆయన మానేశాడు. ఆదివారాలు మాత్రం మానడం లేదు. అక్కడున్నంత సేపూ కాలం తెలియకుండా గడుస్తుంది. చీకటి పడకముందే లేచి, బస్సెక్కి ఇంటికొస్తాడు. తాళం తీసి లైటు వేస్తే, అన్నీ పొద్దున ఎక్కడ పెట్టినవి అక్కడే ఉంటాయి.